గోరంత

చేప కన్ను చూస్తే చాలు నాకు,
రాత్రి పట్టిందో మొన్నటిదో చెప్పేస్తాను.
సెతూబల్ మార్కెట్‌లో ఇరవై రెండేళ్లుగా
నా మాటకు ఎదురు లేదు.
అలాంటి నన్ను పట్టుకుని
మా తమ్ముడు అనిసెతో
రోజూ కాఫీ పొంగకముందే
స్నానాల గది తలుపు ఓరగా తెరిచి అడుగుతాడు:
"చూడు దేలియా, రెండూ ఒక్కలా ఉన్నాయా?"

లిస్బన్ నుంచి తీసుకొచ్చిన రోజున
చంకల కింద రెండు గొట్టాలు,
వాటి చివర దానిమ్మకాయంత ప్లాస్టిక్ బుడ్డీలు.
దిగిన ఎర్రనీళ్లు కొలిచి క్యాలెండర్ మీద రాసేదాన్ని,
సార్డీన్ల బాకీలు రాసే పెన్సిల్‌తోనే.
నలభై. ఇరవై అయిదు. పన్నెండు.
బిగుతు బనియన్‌కు కొక్కేలు పెడుతుంటే
ఊపిరి బిగబట్టి
గోడ పలకల మీది నీలిపూలు లెక్కపెట్టేవాడు.
చేతులు పైకెత్తకూడదన్నారు.
ముప్పై ఆరేళ్ల మగవాడికి
తల నేనే రుద్దాను, కళ్లలో నురగ పడకుండా.

వంకాయరంగు కమిలిన మచ్చలు
పక్కటెముకల మీదుగా నడుం దాకా జారి
పసుపుపచ్చగా తేలిపోయాయి.
మూడో వారం, ఎడమ వైపు, చర్మం కింద
గట్టిగా ఏదో వేలికి తగిలింది.
"మళ్లీ పెరుగుతోంది" అన్నాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.
డాక్టర్ లియొనోర్ నొక్కి చూసింది.
"లోపలి మచ్చ. మెత్తబడుతుంది.
ఆరు నెలల దాకా తీర్పు చెప్పుకోకు."
తిరుగు రైలు వంతెన దాటేలోపు
ఆరు నెలల్ని రోజుల్లోకి మార్చేశాడు.

ఫోన్ నిండా ఛాతీయే. నూట పద్నాలుగు ఫోటోలు.
బల్బు కింద చదును, కిటికీ దగ్గర గుంట.
మనిషొక్కడే, సాక్షులిద్దరు,
ఇద్దరివీ చెరో వాంగ్మూలం.
నేనేమో "బాగుంది" అనేదాన్ని,
పాసిన చేపను ఏనాడూ తాజా అనని నేను.
వాడికి తెలిసిపోయేది.

ఇప్పుడు చెప్పక తప్పదు.
ఫిగెయిరిన్య బీచ్‌లో, వాడికి పదమూడు, నాకు పదహారు,
నీళ్లలోంచి లేచి వస్తున్న వాణ్ణి చూసి
ఆ పేరు పెట్టింది నేనే.
ఆ మాట ఇక్కడ రాయను.
పెదనాన్న పిల్లలు నవ్వారు,
వాళ్లనుంచి బడికి, బడినుంచి ఫుట్‌బాల్ మైదానానికి
నాకంటే వేగంగా నడిచింది అది.
ఆ సాయంత్రం చొక్కా తొడుక్కున్నవాడు
ఇరవై మూడేళ్లు తడి చొక్కాతోనే ఈదాడు.

అప్పటి అలవాటే:
రెండు వేళ్లతో చొక్కాను పట్టి
ఛాతీకి అంటకుండా ముందుకు లాగడం.
బస్సు దిగినా, ఎవరైనా పలకరించినా, ఊరికే అయినా.
ఆపరేషనయినా ఆ చెయ్యి ఆగలేదు.
డాక్టరు కత్తి ఆ రెండు వేళ్ల దాకా పోలేదు మరి.

అయిదో నెలలో ఒక ఆదివారం
బాల్కనీలో దుప్పట్లు ఆరేస్తున్నాడు.
సాదు నది మీంచి కొట్టిన గాలి
తడిసిన బనియన్‌ను ఒంటికి అతికించేసింది.
చెయ్యి లేచింది. సగంలో ఆగింది.
ఏదో మర్చిపోయినట్టు కాసేపు గాలిలో ఉండి,
పోయి క్లిప్పుల బుట్టలో పడింది.
నేను చూశానని చెప్పలేదు.

ఆ రాత్రి పొలుసు గీకుతూ
తలెత్తకుండా అన్నాను:
"ఆ పేరు మొదట నా నోట్లోంచే వచ్చింది."
ఉల్లిపాయ కోస్తున్న చప్పుడు ఆగలేదు.
"తెలుసు. అప్పుడే విన్నాను."
చాలాసేపు కత్తి, పీట, కత్తి, పీట.
తర్వాత బనియన్ పైకెత్తి నిలబడ్డాడు.
"ఎడమది ఇంకా ఉబ్బి ఉంది కదూ? నిజం చెప్పు."
చేతులు తుడుచుకుని
దీపం దగ్గరికి లాగి, కన్ను చికిలించి
మార్కెట్‌లో చూసినట్టే చూశాను.
"ఉంది. గోరంత."

"గోరంతేగా" అన్నాడు,
ఉల్లిపాయ నీళ్లు మోచేత్తో తుడుచుకుంటూ.