ఎనభై ఆరో పేజీ

పేజీకి పది పెన్నీలు.
హల్ నగరం లైబ్రరీలో, కింది అంతస్తులో,
జెరాక్స్ మిషన్ పక్కన నా కుర్చీ.
పన్నెండేళ్లుగా ఊరివాళ్ల కాగితాలు
నా చేతుల్లోనే వెచ్చవెచ్చగా పుడుతున్నాయి:
విడాకులు, వీలునామాలు,
తప్పిపోయిన పిల్లుల ఫొటోలు.
నేను చదవను.
చదవనని చెప్పుకుంటాను.

మంగళవారం, వానలో, ఇల్జె వచ్చింది.
లాత్వియా పిల్ల. ఆ మధ్యే నర్సింగు పూర్తి చేసింది.
కోటు తడిసింది గానీ
కోటు లోపల ఫైలు మీద చుక్క పడలేదు.
"ఎనభై ఐదు పేజీలు. రెండువైపులా పడతాయా?"
పడతాయన్నాను.

ఐదేళ్ల బతుకు ఒక్కో కాగితంగా
అద్దం మీద బోర్లా పడుకుంది.
మూత కింద పచ్చటి వెలుగు
అటు పోతోంది, ఇటు వస్తోంది.
అద్దె రసీదు. కరెంటు బిల్లు.
ప్రిన్సెస్ అవెన్యూలో మూడు గదులు, మూడు తాళాలు.
పెళ్లి కాలేదు అన్నచోట ఒక టిక్కు, మరీ గట్టిగా పెట్టింది,
పెన్ను అవతలి పేజీకి దిగింది.

నలభై ఒకటో పేజీ దగ్గర ఆగిపోయింది.
చదివిన మూడేళ్లకీ
సమగ్ర ఆరోగ్య బీమా ఉన్నట్టు
రుజువు చూపమంటోంది కాగితం.

నాకు తెలిసిన లోకజ్ఞానం నేను చెప్పాను:
"జ్వరమొస్తే డాక్టరు చూశాడు కదమ్మా,
పైసా అడగలేదు కదా?"
"చూశాడు. చూడటం వేరంట.
లెక్కలోకి రావడం వేరంట."

పర్సులోంచి నీలం కార్డు తీసింది,
రీగాలో ఇచ్చింది, పన్నెండు చుక్కల ముద్రతో.
"ఇదైతే చెల్లుతుందంట.
చదువయ్యాక వెళ్లిపోదామనుకున్నానని రాసిస్తే."

నాకర్థం కావడానికి కొంతసేపు పట్టింది.
ఉండనివ్వండి అని అర్జీ.
ఉండాలనుకోలేదని దానికి సాక్ష్యం.
కాలికేస్తే వేలికి, వేలికేస్తే కాలికి.
నాకు నవ్వొచ్చింది, తనకి రాలేదు,
నాదీ మధ్యలో ఆగిపోయింది.

"తొమ్మిదో వార్డులో రాత్రిళ్లు చేశాను," అంది
ఎవరూ అడగకుండానే.
"ఓల్డ్‌రాయిడ్ అని ఒకాయన, చేపల పడవ మనిషి,
తెల్లారుజామున నాలుగింటికి నీళ్లడిగాడు.
తెచ్చేసరికి పోయాడు.
ఆ నీళ్లు ఏం చెయ్యాలో తెలీక
నేనే తాగేశాను."

తర్వాత ఫైలు అడుగునుంచి ఇంకో ఉత్తరం తీసింది:
మీరిచ్చిన రక్తం ఫలానా ఆస్పత్రికి చేరింది, ధన్యవాదాలు.
"దీన్నెవరూ అడగలేదు.
అయినా ఒక కాపీ తియ్యండి."

ఎనభై ఆరు.
ఎనిమిది పౌండ్ల అరవై.
చిల్లర లెక్కపెట్టి బల్ల మీద వరసగా పేర్చింది.
వద్దనాల్సిందేమో.
లెక్క అప్పచెప్పాలి కదా, తీసుకున్నాను.

ఆ రాత్రి ఇంట్లో సొరుగులన్నీ వెతికాను,
దేనికోసమో నాకే తెలీకుండా.
టీవీ గ్యారంటీ దొరికింది, అమ్మ మరణ పత్రం దొరికింది.
బీమా కాగితం లేదు.
అరవై రెండేళ్లు ఈ ఊళ్లోనే,
రెండుసార్లు పొట్ట కోయించుకున్నాను,
నన్నెవరూ అడగలేదు.
నేను పుట్టిందొక్కటే నా రుజువు,
అందులోనూ నా ప్రయాస ఏం లేదు.

పొద్దున మిషన్ మూత ఎత్తితే
అద్దం మీద నీలం కార్డు, బోర్లా.

మరిచిపోయిందో, వదిలేసిందో.
వెనక్కి వెళ్తానని ఇక రాయదలుచుకోలేదో.
ఫోన్ నంబరు తీసుకోలేదు నేను,
కాగితాలు చదవనని కదా నా నియమం.

కళ్లజోళ్లు, ఒంటరి గ్లౌజులు పడేసే సొరుగులో పెట్టాను.
జూన్ దాకా చెల్లుతుంది.
వానొచ్చిన ప్రతి మంగళవారం
ఆ సొరుగుకి తాళం వెయ్యను.