కింది గది గోడ

మోకాలు కోసి కుట్టాక
ఆర్నెల్ల దాకా మెట్లెక్కొద్దన్నారు కనుక
వలలూ తాళ్ళూ పడేసే కింది గది
నాకు పడకగది అవుతోంది.

గోడ మీద రెండు చదరాలు పులిమింది గున్‌వోర్,
మడిచిన దినపత్రికంత ఒక్కోటి.
"ఎడమది నాచు. కుడిది ఎండిన గులాబి.
చూస్తూ పడుకునేది నువ్వు. నువ్వే చెప్పు."

ముప్పై ఎనిమిదేళ్ళుగా నా మేజోళ్ళకి
జత తెలిసేలా దారపు ముడులు వేసే మనిషి
అడగాల్సిన ప్రశ్నేనా ఇది?

పంతొమ్మిదో ఏట, హామర్‌ఫెస్ట్ ఆఫీసులో
చుక్కల పుస్తకం తెరిచి అంకె చదవమన్నారు.
నాకు చుక్కలే కనిపించాయి.
ఎర్రదీపం, పచ్చదీపం ఒక్కటైనవాడికి
చుక్కాని ఇవ్వరు.
ఇంజను గదిలోకి దిగాను,
అక్కడ అన్నిటి రంగూ నూనే.

వార్డోలో డిసెంబరు.
పగలంటే కిటికీలోకి కాస్త నీలం వచ్చి పోవడమే.
నీలం మాత్రం నాకు బాగా తెలుసు.
అదెందుకు తేలేదంటే,
"బయటున్న చలి చాలదా?" అంది.

టేబుల్ దీపం ఎత్తి పట్టుకుంది.
నేను నిజాయితీగానే చూశాను.
"ఎడమదాంట్లో కుంచె వెంట్రుక ఒకటి ఇరుక్కుంది.
కుడిది ఇంకా ఆరలేదు."
"రంగు, ఐలిఫ్! రంగు!"
"రెండూ నిన్నటి కాఫీలా ఉన్నాయి.
ఒకదాంట్లో పాలు కాస్త ఎక్కువేమో."

దీపం టక్కున దించేసింది.
మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

ఆస్పత్రి నుంచి చేతికర్రలతో వచ్చేసరికి
గది తయారు.
ఎటు చూసినా ఒకటే నెమ్మది.
"బాగా కుదిరింది" అన్నాను.
ఏది వేశావని అడగలేదు.
ఆమె దుప్పటి అంచులు అవసరానికి మించి సర్దింది.

సూర్యుడు తిరిగొచ్చిన వారం
పక్కింటి ఓడ్‌వార్ చేపల పులుసు పట్టుకొచ్చి
గుమ్మంలోనే ఆగిపోయాడు.
"ఇదేంటి, రెండు గోడలకి ఒక రంగు, రెండు గోడలకి ఇంకోటి?
డబ్బా చాల్లేదా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

ఆ రాత్రి కర్ర ఊతంతో లేచి
మూలలన్నీ వేలితో తడిమాను,
ఎక్కడ ఒకటి ఆగి ఎక్కడ ఇంకోటి మొదలైందోనని.
దొరకలేదు.
కిటికీ పక్కన మాత్రం
నున్నటి గోడలో సన్నగా, గరుగ్గా
వేలికి తగిలింది వెంట్రుక.

అయితే, ఇటు నాచు.