నలభై ఏడో పేజీ

ఎంగూన్‌కి నాలుగేళ్లు.
రాక్షసబల్లుల పేర్లు ఇరవై మూడు వచ్చు.
నాకు ఏడు. అందులో రెండు తప్పు పలుకుతానట,
గడ్డం పట్టుకుని, నా నోరు తన వైపు తిప్పుకుని
మళ్లీ అనిపిస్తుంది.

పుస్తకం వాళ్లమ్మ తెచ్చింది.
బొగ్గు గని దగ్గర లారీలు తూచే కాటా మీద పని,
పదిహేను రోజులకోసారి ఇంటికి.
క్యాంటీన్ బల్ల మీద ఎవరో వదిలేసి పోయారట,
అట్ట మీద టీ కప్పు అడుగు గుండ్రంగా మిగిలింది.
అది సూర్యుడు.
అప్పట్లో సూర్యుడు గోధుమరంగులో ఉండేవాడు,
ఆ మాత్రం తెలీదా నాన్నా?

రాత్రి పొయ్యిలో ఒంటె పిడకలు వేసి
గుడారం తలుపు బిగించి
ఇద్దరం ఒకే గొర్రెతోలు కిందికి దూరతాం.
నాలుగో తరగతిలో గుర్రాలు కాయడానికి వచ్చినవాణ్ణి,
మళ్లీ బడి మొహం చూడలేదు.
కూడబలుక్కుంటూ చదువుతాను.
పిల్ల నా కోసం ఆగుతుంది. గోబీ గాలి ఆగదు.

తొమ్మిదో పేజీలో
చిలక ముక్కు, మెడ వెనక విసనకర్ర ఉన్నదాన్ని చూపించి
"ఇది మేక" అంటుంది.
కాదమ్మా, దీని పేరు ఇంత పొడుగు.
"పేరు పొడుగైతే మాత్రం? పాలు పితుకు."
పితికాను.
ఉప్పు టీలో పోసుకుని ఇద్దరం తాగాం.

పంతొమ్మిదో పేజీలో గూటి మీద వంగినదానికి
గుడ్లదొంగ అని పేరు.
నిరుడు ఎర్ర గుట్టల దగ్గర
కుంచెతో ఇసుక తుడుస్తూ సోలోంగో అనే అమ్మాయి చెప్పింది:
పాపం, ఊరికే నింద పడింది. అవి దాని గుడ్లే.
ఇసుక మీద పడుతున్నా లేవకుండా
పొదుగుతూ పొదుగుతూనే రాయైపోయింది.
తల్లే అనుకోకు, తండ్రి అయినా కావచ్చు
అని, నా డబ్బాలో నీళ్లు తాగి వెళ్లిపోయింది.

ఆ రాత్రి పెన్సిల్ చెక్కి
దొంగ అన్న మాట కొట్టేశాను.
దాని పైన ఏం రాయాలో తోచలేదు.
ఆ ఖాళీలో ఎంగూన్ ఒక టోపీ గీసింది.
నా టోపీ.

నలభై ఆరో పేజీలో సాయంత్రం.
మందంతా నీళ్లు తాగుతూ ఉంటుంది.
"తర్వాత?"
తర్వాత వేరే మేతకి తరలిపోయాయి.
"గుడారాలు విప్పుకునా?"
విప్పుకునే.
"ఒంటెల మీద కట్టుకునా?"
ఆఁ, ఇక పడుకో.

నలభై ఏడో పేజీని
పుస్తకం వచ్చిన రోజే కత్తితో కోసి
జీను కింద దాచాను.
అందులో ఆకాశం నుంచి బూడిద, అచ్చం మంచులా.
అంతంత జంతువులు పక్కకి ఒరిగి,
కాళ్లు కొయ్యబారి,
ఒకదాని కన్ను తెరిచే ఉంది.

మొన్నటి జుద్‌లో
వాన పడి, గడ్డ కట్టి, పైన మంచు పడింది.
గిట్టలతో గీకి గీకి మేకలు నిలబడ్డచోటే పోయాయి.
రెండు వందల పద్దెనిమిది.
తెల్లవారకముందే గుడారం వెనక్కి ఈడ్చాను.
పిల్ల లేచేసరికి
మేకలు మామయ్య దగ్గరికి వెళ్లాయి అన్నాను.
ఎప్పుడొస్తాయని ఇంతవరకూ అడగలేదు.
అడిగినా బాగుండేది.

నిన్న తోలుపట్టీ కుట్టడానికి జీను తీస్తే
ఆ పేజీ కింద పడింది.
కాటా దగ్గరి నీలి పెన్నుతో
పడి ఉన్న ఒక్కొక్కదాని మీదా ఎవరో పట్టా కప్పారు.
నాలుగు మూలలా గాలికి లేవకుండా
నాలుగేసి రాళ్లు పెట్టారు.

నేను కప్పిన పట్టా కూడా నీలిదే.
రాళ్లు కూడా నాలుగే.

పిండి ఉడికించి, జిగురు చేసి
పేజీని దాని చోట అంటించాను.
ఎంగూన్ చూస్తూ కూర్చుంది.
ఆరాక తనే తిప్పింది.

వెనక వైపు నేనెప్పుడూ చూడలేదు.
కొమ్మ మీద ఒక పిట్ట, అంతే.
రాక్షసబల్లుల పుస్తకంలో పిట్టెందుకో!
కింద మూడు వరుసలేవో ఉన్నాయి.
వేలు పెట్టి, మొదటి మాట కూడబలుక్కుంటున్నాను.

"తొందరగా, నాన్నా."