సెప్టెంబరుకు ముందు

కుతాయిసిలో వాన.
యూనివర్సిటీ పంపిన జాబితా
ఫ్రిజ్ మీద అయస్కాంతానికి వేలాడుతోంది:
మాత్రికలు, సంభావ్యత, ఏదైనా ఒక ప్రోగ్రామింగ్ భాష.

రొట్టెల బట్టీలో రాత్రి డ్యూటీ దిగి
పిండి ఆరిన వేళ్ళతోనే
ల్యాప్‌టాప్ తెరిచింది నెస్తాన్.
ముప్పై నాలుగేళ్ళు.

మాత్రికలు లొంగాయి.
సంభావ్యత సగం లొంగింది.
పద్నాలుగు వరుసల ప్రోగ్రామే
మూడు రోజులుగా మొండికేసింది.
ఉక్రోషంతో ఐదు చోట్ల మార్చింది.
ఇప్పుడు తప్పెక్కడుందో
తప్పుకే తెలీదు.

కింది అంతస్తులో గడియారాలు బాగుచేసే బెసో
ఉప్పు బదులుకొచ్చి తెరకేసి చూశాడు.
ఆ రాతలో ఒక్క ముక్క తెలీదతనికి.
"ఒక్క మర కదుపు. చెవి పెట్టి విను.
పలక్కపోతే దాన్ని దాని చోటే పెట్టెయ్.
రెండోది ఆ తర్వాత."
ఉప్పు మరిచిపోయి వెళ్ళాడు.

అన్నీ వెనక్కి తిప్పింది.
ఒక్కటి మార్చి నడిపింది.
మళ్ళీ ఎర్రక్షరాలు.
ఈసారి తిట్టలేదు,
చివరి వరుస దాకా చదివింది,
వాసనతోనే రొట్టె కాలిందో లేదో చెప్పే మనిషి.

జాబితా అడుగున పెన్సిలుతో
'ఓపిక' అని రాసి, కొట్టేసి,
'ఒక్కొక్కటే' అని రాసింది.

వాన వెలిసింది.
ప్రోగ్రాం ఇంకా నడవలేదు.