ఇరుగుపొరుగు

మొదటి గాజుపలక జనవరిది.
సూది లాక్కొచ్చిన పోగు,
అగ్గిపుల్ల మందం కూడా లేదు.
ఊదారంగులో కిక్కిరిసిన కణాలు,
వాటి చుట్టూ గులాబీ నారల కంచె.
కంచె బయట, కాపలా కాయాల్సిన చిన్న చిన్న తెల్లకణాలు
పక్కింటి గొడవ మనకెందుకన్నట్టు
గట్టుమీదే నిలబడి ఉన్నాయి.

పేరు డియోలిండా. యాభై మూడేళ్ళు.
పోర్తో పక్కన మతొజిన్యోస్ రేవులో
వలలు బాగుచేసే పని.
కాగితంలో ఇంతే.
ఆవిణ్ణి నేనెప్పుడూ చూడలేదు,
ఆవిడ లోపలి వీధి మాత్రం
సందుసందూ తెలుసు.

ఐదు నెలలు పై అంతస్తులో
ముందు ఎర్రమందు, తర్వాత తెల్లమందు
చుక్కచుక్కా దిగాయి.
లిఫ్టులో నర్సు ఇనాసియా అంది ఓసారి:
"జుట్టు ఊడితే ఏడవలేదు మనిషి.
వేళ్ళు మొద్దుబారి
వలసూది జారిపోయిందట, ఆ రోజు ఏడ్చింది."

ఇది జూన్.
ఆపరేషన్ గది నుంచి వచ్చిన ముక్కలో
గడ్డ వేలికి తగల్లేదు.
ఆనవాలుకి వదిలిన లోహపు క్లిప్పుని
ఎక్స్‌రేలో వెతికి, అక్కడ కోశాను.

ఊరు ఖాళీ.
మెత్తబడ్డ నేల, పాతనెత్తురు తుప్పు,
శిథిలాలు మింగి పొట్టలుబ్బిన నురుగుకణాలు.
ఇక ఆ గట్టుమీది వాళ్ళు
కంచె దాటి, గుంపులుగా,
నడివీధిలోకి వచ్చేశారు.
ఎవరు పిలిచారు?
మందు గడ్డనే కొట్టిందనుకుంటాం.
చచ్చేవాళ్ళ కేక
పొరుగుకి వినబడేలా చేసిందీ అదేనేమో.
నాకు తెలీదు. నేను లెక్కపెట్టేదాన్ని.

పదకొండో పలక.
ఒక మూల, ఐదు కణాలు.
ఉబ్బిపోయి, ముఖాలు చెడి, బతికే ఉన్నాయి.
వాటి చుట్టూ కంచె చెక్కుచెదరలేదు.
దరిదాపుల్లో ఒక్క కాపలావాడు లేడు.

కాఫీ తాగొచ్చి మళ్ళీ చూశాను.
ఐదే.
"పూర్తిగా పోయింది" అని రాయాలని
పొద్దుటి నుంచీ దాచుకున్న వాక్యాన్ని
లోపలే ఉంచుకుని
రెండు మిల్లీమీటర్లు, అని రాశాను.

సాయంత్రం రేవు మీదుగా ఇంటికి నడిచాను.
బొగ్గులమీద సార్డీన్ల పొగ.
నేలమీద కాళ్ళు చాపుకుని ఆడవాళ్ళు,
బొటనవేలికి వల తగిలించుకుని.
ఒకామె తలకి రుమాలు. నేను పేరు అడగలేదు.
చిరుగు దొరకగానే కుట్టేయలేదామె.
ముందు కత్తి తీసి
చుట్టూ బాగానే ఉన్న దారాన్ని కూడా
కాస్త కాస్తగా కోసింది,
ముడి నిలిచే చోటు తగిలేదాకా.