ముందు నీ బరువు చెప్పు

ముందు నీ బరువు చెప్పు.
సిగ్గెందుకు, నేనేం డాక్టర్ని కాను.
రెండు కిలోలు తగ్గించి చెబితే నాకు పోయేదేం లేదు,
సరస్సుకు మాత్రం తెలిసిపోతుంది.

ఈ గోడకు మేకులు కొట్టింది మా మేనమామ ఎర్మెతె.
ఎడమ చివర ఇరవై రెండు సెంటీమీటర్ల రెక్క,
కుడి చివర నలభై ఎనిమిది.
మధ్యలో ఖాళీగా ఉన్న మేకు ముప్పై ఆరుది.
దాని సంగతి తర్వాత.

టోర్బోలెలో రోజుకు రెండు గాలులు.
తెల్లారకముందే కొండల మీంచి దిగేది పెలేర్,
తలుపు తట్టదు, తోసుకొస్తుంది.
మధ్యాహ్నం దక్షిణం నుంచి వచ్చేది ఓరా,
భోంచేసి, మూతి తుడుచుకుని, తీరిగ్గా.
రెండింటికీ ఒకే రెక్క ఇమ్మంటావు నువ్వు.
చలికోటు వేసుకుని ఈతకు దిగుతావా?

పెలేర్‌కి చిన్న తెరచాప. చిన్న చాపకు చిన్న రెక్క.
నాకైతే ఇరవై నాలుగు, నీ ఒంటికి ఇరవై ఆరు.
"పెద్దదైతే పట్టు ఎక్కువ కదా" అంటారు అందరూ.
ఎక్కువే.
బోర్డు పరుగందుకోగానే ఆ పట్టే కిందనుంచి ఎత్తేస్తుంది,
ముక్కు పైకి లేచి, పలక ఒక పక్కకి ఒరిగి,
పాదాల కింద నీళ్లుండాల్సిన చోట గాలి.
నా ఎడమ జబ్బ ఎముక అలాగే విరిగింది.
పందొమ్మిదేళ్లప్పుడు, నలభై నాలుగు తగిలించుకుని వెళ్లాను,
ఒడ్డున ఒక కుర్రాడు చూస్తున్నాడని.
అతను చూడనేలేదు.
కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడట.

ఓరా లెక్క వేరు.
ఏడు మీటర్ల చాప, మెత్తటి గాలి,
రెక్క పొట్టిదైతే
సబ్బు మీద కాలేసినట్టు తోక జారుతుంది.
నీటికీ రెక్కకీ మధ్య గాలి దూరిన చప్పుడు
చెవికి వినపడదు, మడమకి వినపడుతుంది.
అప్పుడు మొండికేసి తొక్కకు.
వెనక కాలి బరువు తీసెయ్,
రెక్కని మళ్లీ నీళ్లకి అప్పజెప్పు.

ఇరవై ఏళ్లుగా ఇదే చెబుతున్నాను.
విజీలియో ఒక్కడే వినలేదు.
రీవాలో పోస్టాఫీసు కిటికీ వెనక మనిషి.
ముప్పై ఒకటి, అదొక్కటే రెక్క వాడికి,
అంకె అరిగిపోయి, అంచు రెండుచోట్ల చిట్లి.
పెలేర్‌కీ అదే, ఓరాకీ అదే.
గాలి ముదిరితే బరువంతా ముందుకు నెట్టేవాడు,
తగ్గితే వెనక పాదం పిల్లిలా పెట్టేవాడు.
నా పట్టికలన్నీ అబద్ధమయ్యేలా
నీటి మీద తిన్నగా గీత గీసుకుపోయేవాడు.

మోకాలికి ఆపరేషనయ్యాక, మొన్న ఏప్రిల్లో వచ్చాడు.
ఈ గోడ ముందు చాలాసేపు నిలబడి
"నీవెస్, నాకిప్పుడు ఏది సరిపోతుంది?" అన్నాడు.
ఆ ప్రశ్న అడిగిన మనిషిని
నేను బరువు అడగకపోవడం అదే మొదటిసారి.
ముప్పై ఆరు తీసి చేతికిచ్చాను.
"ఇక మధ్యాహ్నాలే" అన్నాను.
తలూపాడు.
అద్దె ఎంతని అడగలేదు, నేనూ చెప్పలేదు.
పొద్దున పెలేర్ వీస్తున్నప్పుడు
అతని కిటికీ దగ్గర క్యూ తొందరగా కదులుతోందని విన్నాను.

ఇదిగో నీ ఇరవై ఆరు.
అంచు వేలితో తడిమి చూడు, గరుకు తగిలితే చెప్పు, సాన పడతాను.
స్క్రూ బిగించు,
గట్టిగానే, పెట్టె పగిలేంత కాదు.
మొన్నటి వానకి సార్కా నది కొమ్మలు తెచ్చి పోసింది,
దాని నోటి వైపు పోకు.
రెక్క విరిగితే ఖరీదు నీదే.

పది దాటితే పెలేర్ చచ్చిపోతుంది.
ఓరా లేవడానికి ఇంకా టైముంటుంది.
ఆ మధ్యలో ఓ గంటసేపు
చాపలన్నీ తడి బట్టల్లా వాలిపోతాయి.
ఆ గంటకి సరిపడే రెక్క
నా గోడ మీద లేదు.
కాఫీ ఉంది.