అర లీటరు

ఆవుని అమ్మేసిన ఏడు
కుడితి గోలెం ఖాళీగా మిగిలిపోయింది.
బోర్లిస్తే అరుగులా వాడుకోవచ్చంది తులసమ్మ.
నేనే అడ్డం పడ్డాను.

సోంపేట బీలలో మోకాళ్ళదాకా దిగి
ఢిల్లేసు తెచ్చాడు కలువ దుంప,
తడి గోనెముక్కలో చుట్టి
పురిటిబిడ్డని ఎత్తుకొచ్చినట్టు, రెండు చేతులా.
"పెంట ఎయ్యకు మామా, కుళ్ళిపోద్ది.
జిగురుమన్నే పెట్టు. మొలక పైకుండాల."

మన్ను తేలకుండా పైన గుప్పెడు ఇసక.
గోడవారగా నీళ్ళు,
నిద్రపోయేవాళ్ళ పక్కన నడిచినంత మెల్లగా.
అయినా మూడ్రోజులు మురికే.

కవిటిలో కొబ్బరినీడకి కరువు లేదు,
కలువకేమో ఎండ కావాలి.
రెండు మట్టలు కొట్టించాను.
దోమలని పక్కింటివాళ్ళు గొడవపడితే
గప్పీ చేపల్ని వదిలాను.

మంగళ, శుక్రవారాలు నన్ను మిషనుకి కడతారు.
రోజుకి అర లీటరు, అంది నర్సమ్మ.
మాత్ర మింగిన నీళ్ళూ, చారూ, టీ చుక్కా
అన్నీ అందులోనే.
సీసా మీద మార్కరుతో తులసమ్మ గీత గీసింది.
గీత కింద నా రోజు.

కలువకి గీత లేదు.
మెడదాకా మునిగి కూర్చుంటుంది.
వైశాఖంలో గోలెం బెత్తెడు దిగితే
నింపేది నేనే, బిందెలు బిందెలు.
నీరు కొలదీ తామర అంటారు.
నీరు కొలదీ మనిషని
మా ఉద్దానంలో ముందే ఎవరైనా అనుంటే!

ఓ మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేరు,
మగ్గు ముంచి నోటిదాకా తెచ్చుకున్నాను.
బురదవాసన.
మగ్గులో ఒక చేపపిల్ల
అంచు వెంట గుండ్రంగా తిరుగుతోంది.
పోసేశాను.
ఈ సంగతి తులసమ్మకి తెలీదు.

రాత్రి విచ్చే రకమని ఢిల్లేసు చెప్పనేలేదు.
పొద్దెక్కి లేచి చూస్తే ముడిచిన మొగ్గే,
గొడ్డుదనుకున్నాను.
మొన్న శుక్రవారం, తొలి బస్సుకని
నాలుక్కి తలుపు తీసి టార్చి వేస్తే
ఎర్రగా, అరచేతంత,
ఎవరి కోసమూ కాకుండా విచ్చుకుని ఉంది.

"బస్సు ఎల్లిపోద్ది" అంటూనే
టిఫిను డబ్బా చంకన పెట్టుకుని
తులసమ్మా వంగింది.

సీసాలో రాత్రి మిగిలిన గుక్కెడు నీళ్ళు.
తాగచ్చు, లెక్కలోవే.
గోలెంలో వంచేశాను.

గోలెం నిండుగానే ఉంది.
దానికేం అవసరం లేదు.